బొగ్గు గీతలో బొమ్మ ఉందా?

శ్రీకాళహస్తి కలంకారీలో మొదటి గీత కాల్చిన చింతపుల్లది. గేదెపాలు కలిపిన కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డమీద రాముణ్ణి ఆ బొగ్గుతోనే గీస్తాను. నచ్చకపోతే దులిపేస్తాను.

మరి ఆ బొగ్గు గీతలో బొమ్మ ముందే ఉన్నట్టా? కార్యం కారణంలో ముందే ఉంటుందంటుంది సాంఖ్య దర్శనం. లేదు, కొత్తగా పుడుతుందంటారు న్యాయ దర్శనం వాళ్లు, నైయాయికులు. నా చెయ్యి నైయాయికుల పక్షం. పాత ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీటిలో కలం ముంచి గీస్తే, గుడ్డలోని కరక్కాయ తగిలి గీత నల్లబడుతుంది. ఇక చెరపలేను. ఆ భయంలోనే విల్లు వంపు మారుతుంది, బొగ్గులో లేని కనుబొమ పుడుతుంది. (కరక్కాయ ముందే ఉందిగా అని సాంఖ్యుడు నవ్వొచ్చు; నవ్వనీండి.) పటిక పూసినచోటే ఎరుపు నిలుస్తుంది. ఏటినీళ్లలో ఉతికితే బొగ్గంతా పోతుంది. గుడ్డమీద మిగిలిన రాముడు ఆ బొగ్గు రాముడికి నకలు కానేకాడు.