పెనుకొండా? పెనుగొండా?

పోయిన వీడియో కింద ఒక కరెక్షన్ పెట్టాను, మీలో కొంతమంది చూసే ఉంటారు. దాని వెనక కథ చెప్పకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టేలా లేదు.

వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారి క్షేత్రం పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ. నేను టైటిల్‌లో, డిస్క్రిప్షన్‌లో 'పెనుకొండ' అని రాశాను. మ్యాప్ లొకేషన్ కూడా ఆ పేరుతోనే వెతికి పెట్టేశాను. మాది హిందూపురం. ధర్మవరం వైపు రైలెక్కిన ప్రతిసారీ కిటికీలోంచి పెనుకొండ కోట చూస్తూ పెరిగాను. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరు. చేతికి ఆ పేరే అలవాటు. తెలుగులో 'క' పోయి 'గ' రావడం మామూలే కాబట్టి, మళ్లీ చదివినా తప్పులా కనిపించలేదు.

వారం తర్వాత బెంగళూరు నుంచి ఒక తమ్ముడి మెసేజ్ వచ్చింది. కూతురి పెళ్లి కుదిరితే అమ్మవారికి పట్టుచీర పెడతానని వాళ్లమ్మగారు మొక్కుకున్నారట. ఇద్దరూ ముందు ధర్మవరం వెళ్లి చీర కొన్నారు. తిరిగొస్తూ పెనుకొండలో దిగారు. స్టేషన్ బయట ఆటో అతను, "అది గోదావరి దిక్కు ఉండే పెనుగొండ కదమ్మా, ఇది మన పెనుకొండ" అన్నాడట. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. చీర ఒళ్లో పెట్టుకుని సాయంత్రం రైలు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నారు. తమ్ముడు నన్ను తిట్టలేదు. "అన్నా, ఒక్క అక్షరం చూసుకోవాల్సింది" అని మాత్రం రాశాడు.

నేను మొదట చేసిన పని ఏంటంటే, గుట్టుగా టైటిల్ మార్చేయడం. హిందూపురం వాడై ఉండి ఇదా అంటారని భయం. ఆ రోజంతా నా బాధ ఆవిడ గురించి కాదు, ఛానెల్ పరువు గురించి. ఇది ఒప్పుకోవడం స్పెల్లింగ్ తప్పు ఒప్పుకోవడం కంటే కష్టంగా ఉంది.

ఫ్రెండ్స్ ఓదార్చారు, దేవుడు భావం చూస్తాడులే అని. చైతన్య చరితామృతంలో శ్రీరంగం బ్రాహ్మణుడి కథ ఉంది. ఆయన గీతని తప్పులతో చదువుతుంటే అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం కన్నీళ్లు కారుస్తూ చదివేవాడు. ఎందుకని చైతన్య మహాప్రభు అడిగితే, "నాకు అర్థాలు తెలియవు స్వామీ, చదువుతుంటే అర్జునుడి రథం మీద కృష్ణుడు కనిపిస్తాడు" అన్నాడు. గీత చదివే అధికారం నీదేనని మహాప్రభు ఆయన్ని కౌగిలించుకున్నాడు.

నాకు చాలా ఇష్టమైన కథ. సహస్రనామంలో ఇప్పటికీ తడబడే నాకు అదే ఊరట. కానీ ఇక్కడ దాన్ని వాడుకుంటే మోసం అనిపించింది. ఆయన చదివింది దేవుడి కోసం, నేను రాసింది దారి వెతుక్కునే మనిషి కోసం. నా భావం ఎంత మంచిదైతే ఆవిడకేంటి, దిగాల్సింది సరైన స్టేషన్‌లో కదా!

ఇంకో కథ కూడా ఉంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేశాడు. 'ఇంద్రశత్రు' అనే మాటలో స్వరం తప్పడంతో, ఇంద్రుణ్ణి చంపేవాడు అనాల్సింది కాస్తా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అయిపోయింది. వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్తూ పతంజలి మహాభాష్యంలో ఈ ఉదాహరణే ఇచ్చాడు. మనం ఎప్పుడూ త్వష్ట ఎలా దెబ్బతిన్నాడో చెప్పుకుంటాం. నాకు ఈసారి వృత్రుడు గుర్తొచ్చాడు. స్వరం తప్పింది హోమం దగ్గర, ప్రాణం పోయింది వాడిది.

మొన్న ఆ అమ్మగారికి ఫోన్ చేశాను. క్షమించమని అడగబోతే మాట పూర్తి కానివ్వలేదు. "చీర యాడికీ పోదులే నాయనా. మడత కూడా విప్పలేదు. ఈసారి ఊరి పేరు నువ్వే చెప్పు, రాసుకుంటా" అన్నారు. తణుకులో దిగాలని చెప్పాను. పె, ను, గొ, సున్న, డ అని ఒక్కో అక్షరం చెప్పాను. ఆవిడ రాసుకుని, నాకు తిరిగి చదివి వినిపించారు.