దేని తర్వాతి జీవితం?

టంగుటూరి సూర్యకుమారి గురించి మనవాళ్లు రాసేవి చాలావరకు ఒకే చోట నీరసపడతాయి. 1925లో రాజమండ్రిలో పుట్టింది, ప్రకాశం పంతులు తమ్ముడి కూతురు, పిల్లప్పుడే సినిమాల్లోకొచ్చింది, ‘రైతుబిడ్డ’ (1939)లో నటించి పాడింది. ఇక్కడిదాకా వాక్యాలు పరుగెడతాయి. ఆమె దేశం దాటగానే, మిగిలిన నలభై పైచిలుకు ఏళ్లనీ ‘తర్వాతి జీవితం’ అని రెండు ముక్కల్లో సర్దేస్తారు. చివర్న ఒక నిట్టూర్పు: మరుగున పడిన తార.

దేని తర్వాత? ఎవరికి మరుగు?

1961లో న్యూయార్క్‌లో ఠాగూర్ నాటకం ‘కింగ్ ఆఫ్ ద డార్క్ చాంబర్’లో రాణి సుదర్శనగా వేసి, అక్కడి విమర్శకుల అవార్డు తీసుకున్న మనిషి ఆమె. అరవైల్లోనే లండన్‌లో ఇల్లు కట్టుకుని ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ పెట్టి, పాటా ఆటా నేర్పింది, ప్రదర్శనలు ఇచ్చింది. 1973లో హెరాల్డ్ ఎల్విన్ అనే చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. 2005లో ఆ ఊళ్లోనే పోయింది. ఇందులో జాలి పడాల్సింది నాకు కనపడదు. కాంచనమాల సంగతి వేరు. ‘బాలనాగమ్మ’ తర్వాత ఆమె మనసు చెదిరిన మాట నిజం, ఆ దుఃఖం నిజం. కానీ ఆ ఒక్క కథనే అచ్చుగా పెట్టుకుని ప్రతి పాత నటినీ అందులో పోస్తున్నాం. మనం చూడటం మానేస్తే వాళ్లు బతకడం మానేసినట్టా?

మాది ఆర్మూర్. మా పసుపు నిజామాబాద్ యార్డుకు పోతది, ఒక్కోసారి ధర కోసం సాంగ్లీ దాకా పోతది. లారీ ఎక్కిన బస్తా కనుమరుగైందని మా తాత ఏనాడూ ఏడవలేదు. (ధర గురించి ఏడ్చిండు, అది వేరే వ్యాసం.)

నా ఇబ్బంది ఇంకోచోట ఉంది. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ పాటను ఇంటింటికీ చేర్చిన రికార్డు ఆమెదే. మా బడిలో రోజూ పాడినం. గొంతు ఎవరిదో ఒక్క సారూ చెప్పలేదు. ఉద్యమం రోజుల్లో ఆ పాటొస్తే పై క్లాసులోళ్లు నోరు మూసుకుని నిలబడేటోళ్లు. వాళ్లను చూసి నేనూ. ఆ మౌనం న్యాయమైందేనని ఇప్పటికీ అంటాను. ఆ తల్లి బొమ్మలో మా యాస లేదు, మా ఊరు లేదు. 2024లో అందెశ్రీ పాట రాష్ట్రగీతమైనప్పుడు సంబరపడ్డాను కూడా.

కానీ ఆ మౌనంలో ఒక మనిషి గొంతు కూడా పోయింది. పాట మీద కోపం ఉండొచ్చు, పాడిన పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్ల మీద ఎందుకుండాలి? రెంటినీ విడదీయొచ్చని తర్కం చెప్తుంది. చెవి మాత్రం ఒప్పుకోదు. మొన్న మెట్రోలో ఆ రికార్డు పెట్టుకున్నా. రెండో చరణం దాకా విన్నా. పక్కనున్నాయన ఫోన్ వైపు చూస్తున్నాడేమో అనిపించి, తెర మీద పేరు కనపడకుండా ఫోన్ బోర్లించి, మిగతాది విన్నాను.