బల్లికి తెలుసా, అది నటన అని?

పోయిన వేసవి సెలవుల్లో మామయ్య లాప్‌టాప్‌లో 'రోబోట్ మాన్‌స్టర్' అనే పాత అమెరికా సినిమా పెట్టాడు. 1953 నాటిది. భూమిని నాశనం చేసే రాక్షసుడంటే ఎవరో కాదు, గొరిల్లా వేషం వేసుకొని నెత్తిన హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి! పడీ పడీ నవ్వాం. ఉన్నట్టుండి రెండు డైనోసార్లు కొట్టుకున్నాయి. ఒకటి పిల్ల మొసలి, దాని వీపు మీద తెరచాపలాంటిది అతికించారు. రెండోది ఉడుములాంటి పెద్ద బల్లి. దానికీ నవ్వాం. తమ్ముడు మాత్రం నవ్వలేదు. "అన్నా, అది నిజంగానే కొరుకుతా ఉంది కదా?" అన్నాడు.

ఆ పోట్లాట అసలు ఆ సినిమాది కాదని తర్వాత తెలుసుకున్నాను. 1940లో హాల్ రోచ్ నిర్మించిన 'వన్ మిలియన్ బి.సి.' కోసం తీసింది. అంతకుముందు 1933లో 'కింగ్ కాంగ్'కు విల్లిస్ ఓబ్రయన్ బొమ్మల్ని కొంచెం కొంచెం జరిపి, ఒక్కొక్క ఫ్రేమే తీశాడు. తెర మీద ఒక్క సెకను కదలాలంటే 24 ఫ్రేములు కావాలి. అంత ఓపిక, డబ్బు ఎవరికుంటాయి? బల్లికి కొమ్ము అతికించి, కెమెరాను వేగంగా తిప్పితే చాలు, తెర మీద అది బరువుగా, నిదానంగా నడుస్తుంది. 1955లో వచ్చిన 'కింగ్ డైనోసార్'లో ఇగువానానే టిరానోసారస్ అన్నారు. ఇంకొందరికి బల్లి ఖర్చు కూడా లేదు, 1940 నాటి ముక్కల్నే తెచ్చి అతికించుకున్నారు. 1961లో 'వ్యాలీ ఆఫ్ ది డ్రాగన్స్' దాకా ఇదే తంతు.

బల్లిని డైనోసార్ అనడం అబద్ధమే. కానీ ఆ అబద్ధం నాకు తప్పనిపించదు, నాటకంలో అట్ట కిరీటం పెట్టుకున్నవాణ్ణి మనం రాజు అనుకోమా? గొరిల్లా వేషం వేసినవాడికి అది వేషమని తెలుసు, సాయంత్రం విప్పేసి ఇంటికి పోతాడు. బల్లికి ఆ సంగతి తెలియదు. దాని భయం నటన కాదు.

మరి పాత ముక్కను మళ్ళీ వాడినవాడి తప్పేమిటి? వాడు కొత్తగా ఏ జంతువునూ హింసించలేదు. ఒక రకంగా కొన్నిటిని కాపాడాడు కూడా. చాలా రోజులు నేనూ ఇట్లే అనుకున్నాను. కానీ బ్రిటన్‌లో 1937లో చేసిన ఒక చట్టం గురించి చదివాను. జంతువును క్రూరంగా బాధపెట్టి తీసిన దృశ్యమైతే, ఎక్కడ తీసినా సరే, జనానికి చూపించకూడదు. చూపించేవాడిని అడుగుతుంది ఆ చట్టం. అయితే చూసేవాడి సంగతి? అంటే నా సంగతి?

ఇది నన్ను ఊరికే వదల్లేదు, ఎందుకంటే ఆరో తరగతిలో మేము తొండ మెడకు దారం కట్టి ఆడించాం. దారం పట్టింది నేను కాదు. నేను చుట్టూ నిలబడి నవ్వినవాళ్ళలో ఒకణ్ణి. నవ్వేవాళ్ళు లేకుంటే ఆ ఆట అంతసేపు సాగేది కాదు.

"నువ్వు కోడికూర తినవా ఏమి?" అన్నాడు నా స్నేహితుడు. తింటాను. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ కోడి బెదురుతుంటే చూద్దామని ఎవరూ టికెట్ కొనరు.

మొన్న తమ్ముడు ఆ గొరిల్లా సినిమా మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. పోట్లాట వచ్చేసరికి ముందుకు జరిపేశాను.

"ఇంతకీ ఏది గెలిచింది అన్నా?" అని అడిగాడు.

నాకు చెప్పబుద్ధి కాలేదు.