నలభై దాటిన ప్రేమకు కథ లేదా?

మన ప్రేమ నవలలు చాలావరకు పెళ్లిపందిరి దాకా వచ్చి ఆగిపోతాయి. యద్దనపూడి సులోచనారాణి రాసిన ‘సెక్రటరీ’ని ఒకప్పుడు పట్నాల్లో ఆడవాళ్లు అద్దె లైబ్రరీల నుంచి తెచ్చుకుని చదివారు. 1976లో అది సినిమాగా కూడా వచ్చింది. అందులో జయంతి ఉద్యోగం చేసుకుంటుంది, ఆత్మాభిమానం వదులుకోదు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. కానీ జయంతికి నలభై దాటాక ఆమె మనసు ఏం కోరుకుందో నవల చెప్పదు. ప్రేమ వయసులో ఉన్నవాళ్లకే అన్న మాటను మనం ఇలాంటి కథల నుంచే, సినిమాల నుంచే నేర్చుకున్నాం.

ఒక స్త్రీని ఊహించుకుందాం. ధర్మసాగర్ మండలంలో ఒక తండా. ఆమెకు నలభై రెండేళ్లు. భర్త పోయి ఏడేళ్లయింది. బిడ్డ పెళ్లయింది, కొడుకు చదువుకుని హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాడు. పత్తి ఏరే పనిలో తోడుగా ఉండే ఒకతన్ని ఆమె మనువాడాలనుకుంది. తండాలో కొందరు ముసిముసిగా నవ్వారు. కొడుకు మాత్రం నవ్వలేదు. “యాడీ, నా పరువు ఏం కావాలి?” అన్నాడు. ఇందులో తప్పు ఎవరిది? ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది?

దేవాదుల పథకంలో గోదావరి నీళ్లు ధర్మసాగర్ చెరువుకు చేరి, ఇక్కడి నుంచి పట్నానికి తాగునీరుగా పోతాయి. పరువు గురించిన ఆలోచనలు మాత్రం పట్నం నుంచి ఇటు వచ్చాయి. తెలుగు సమాజంలో అగ్రకులాల వితంతువుకు మళ్లీ పెళ్లి చేయడానికి పెద్ద పోరాటమే జరిగింది. 1856లో చట్టం వచ్చింది. అయినా వీరేశలింగం పంతులు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు 11 దాకా పట్టింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు రంగనాయకమ్మ రాసిన ‘బలిపీఠం’లో కూడా వితంతువైన బ్రాహ్మణ యువతి అరుణ, దళితుడైన భాస్కర్‌ని చేసుకోవడం పెద్ద సాహసమే. ఆ పేరే చెబుతోంది, ఆ పెళ్లిని నవల ఎంత బరువైనదిగా చూసిందో.

అదే కాలంలో మన లంబాడా తండాల్లో, కోయ, గోండు గూడేల్లో మారుమనువు ఉంది. దానికి సంస్కర్త అక్కరలేదు. భర్త పోయినా, పొసగక విడిపోయినా, పెద్దల ముందు మాట తేల్చుకుని ఇంకో ఇంటికి పోవచ్చు. పట్నం వాళ్లు ధైర్యం అని పేరు పెట్టుకున్నది మనవాళ్లకు మామూలు బతుకు. అలాంటి బతుకును మనం ఇప్పుడు, చదువుకున్నాక, అనాగరికం అని దాచుకుంటున్నాం. ఆ కొడుకు కాపాడాలనుకుంటున్న పరువు తన తాతలది కాదు, అరువు తెచ్చుకున్నది.

అయితే మన ఆచారమంతా బంగారం అనడం కూడా నిజం కాదు. ఓలి ఇచ్చి తెచ్చుకున్న కోడలు తమ ఇంటి సొత్తు అనుకున్నవాళ్లు ఉన్నారు. భర్త పోతే మరిదికి ఇచ్చి కట్టబెట్టడం ఉంది. అప్పుడు ఆమెను అడిగిందెవరు? ఆమె ఇంకొకరితో పోతే పరిహారం లెక్క కట్టింది మగవాళ్లే, తీసుకున్నదీ మగవాళ్లే. మారుమనువు ఉంది కానీ, చాలాసార్లు ఆ మనువును ఎంచుకున్నది ఆమె కాదు.

చట్టం దగ్గర కూడా ఈ చిక్కే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. మన ఆచారానికి అది గౌరవమే. కానీ 2001లో సుప్రీంకోర్టు ముందుకు ఒక ఆదివాసీ భార్య కేసు వచ్చింది. భర్త తానుండగానే ఇంకో పెళ్లి చేసుకున్నాడని ఆమె ఫిర్యాదు చేసింది. రెండో పెళ్లి చెల్లదని చెప్పే ఆచారం తెగలో ఉందని రుజువు కాలేదు కాబట్టి ఆమె ఫిర్యాదు నిలబడలేదు. నోటి మాటగా ఉన్న ఆచారం బలవంతుడికి పనికొచ్చినంతగా బలహీనురాలికి పనికిరాదు. అందుకే మన దారి ఆచారాన్ని వదులుకోవడమూ కాదు, పూజించడమూ కాదు. మళ్లీ బతికే హక్కును నిలుపుకోవాలి, ఆ నిర్ణయం మాత్రం ఆమె చేతికి రావాలి.

కొడుకు వైపు కూడా ఒక మాట ఉంది. రెండెకరాల చెలక ఎవరికి పోతుంది, రేపు ఆ ఇద్దరిలో ఒకరు మంచాన పడితే చూసేదెవరు? ఇవి న్యాయమైన ప్రశ్నలు. కాగితం మీద రాసుకుని, పదిమంది ముందు ఒప్పుకుని తేల్చుకోవచ్చు. భూమి ప్రశ్నకు భూమి జవాబు చెప్పాలి. దాన్ని సిగ్గు ప్రశ్నగా మార్చి తల్లి మెడకు చుట్టడమే అన్యాయం.

ఇక నవ్వు సంగతి. మన హాస్యంలో లేటు వయసు ప్రేమ అంటే చాలాసార్లు వెక్కిరింతే. అయితే అన్ని నవ్వులూ ఒకటి కావు. గురజాడ ‘కన్యాశుల్కం’లో ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పసిపిల్లను పెళ్లాడబోతే మనం నవ్వుతాం. ఆ నవ్వు న్యాయమైనది, ఎందుకంటే అక్కడ ఉన్నది ప్రేమ కాదు, బేరం. మొక్కపాటి ‘బారిస్టర్ పార్వతీశం’లోనూ నవ్వుతాం. కానీ పార్వతీశం తన కథ తానే చెప్పుకుంటాడు, తన తెలివితక్కువతనానికి తానే ముందు నవ్వుతాడు. అందుకే అతను మన కళ్లలో చిన్నవాడు కాడు. నవ్వుకు కొలత ఇదే అనుకుంటాను: బలంతో కొన్నవాణ్ణి చూసి నవ్వితే అది న్యాయం. మనసిచ్చినామెను చూసి నవ్వితే అది దౌర్జన్యం. తన కథలో తానే నవ్వితే అది స్వేచ్ఛ.

ప్రేమకు వయసు గీత గీసేది కూడా సమాజమే. ఇంగ్లండులో జేన్ ఆస్టెన్ చివరి నవల ‘పర్సుయేషన్’లో నాయిక వయసు 27. అప్పటికే ఆమె వయసు అయిపోయిందని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారు. ఆ గీత ఇప్పుడు మనకు నవ్వులాటగా ఉంది. మన నలభై గీత మన మనవలకు అలాగే ఉండవచ్చు.

మన కథలు మనమే రాసుకునే రోజులు వచ్చాయి. రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథలు ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే తండాలో పెళ్లికూతురు పుట్టిల్లు విడుస్తూ ఏడుస్తూ పాడే పాట. ఆ ఏడుపు రాశాం, బాగా రాశాం. ఇరవై ఏళ్ల తర్వాత అదే స్త్రీ తనంతట తాను ఇంకో గడప ఎంచుకున్నప్పుడు నవ్వే నవ్వును కూడా రాయాలి. ఉపాధ్యాయులు పిల్లల్ని ఇంటికి పంపి, నాయనమ్మల మారుమనువు ముచ్చట్లు అడిగి రాసుకురమ్మనండి. వాళ్ల ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా పెట్టించండి: “అప్పుడు నిన్ను ఎవరైనా అడిగారా?”