మెరక

కైకలూరు వైపు ఇల్లు కట్టాలంటే వాస్తు కన్నా ముందు చూసుకోవాల్సింది మెరక. "రోడ్డు కన్నా రెండడుగులు లేపండి, లేకపోతే వానాకాలం మంచాలెక్కి కూచోవాలి" అంటాడు మేస్త్రీ. ట్రాక్టర్లతో మట్టి తోలిస్తాం. కొన్నేళ్ళకి పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తారు. ఆ తర్వాత కట్టేవాడు దానికన్నా మరో రెండడుగులు లేపుతాడు.

మేమూ అలాగే కట్టుకున్నాం. పక్కన మామ్మగారిది పాత పెంకుటిల్లు. మేం మెరక వేసిన ఏడాదే ఆవిడ వంటింట్లోకి నీళ్ళొచ్చాయి. అంతకు ముందెప్పుడూ రాలేదట. వెళ్ళి నొచ్చుకుంటే, "నువ్వేం చేస్తావు బాబూ, నీళ్ళు పల్లానికేగా వచ్చేది" అన్నారు. తిట్టినా బావుండేది.

నా స్థలంలో, నా డబ్బుతో చేసుకున్న పని తప్పెలా అవుతుంది? దస్తావేజులో నాలుగు హద్దులూ రాసున్నాయి. హద్దు దాటి ఒక్క గంప మట్టి కూడా వెయ్యలేదు. దాటింది నీరు.

చట్టం కూడా నా వైపే ఉన్నట్టు కనిపించింది. ఎగువ భూమి మీద పడ్డ వాన సహజంగా దిగువకి పారుతుంటే, దిగువ యజమాని పారనివ్వాలి అంటుంది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. చదివి కాస్త ఊరటపడ్డాను. కానీ ఆ "సహజంగా" దగ్గర ఆగిపోయాను. నా ఎత్తు పుట్టుకతో వచ్చింది కాదు, ట్రాక్టర్లలో వచ్చింది. మామ్మగారిల్లు పల్లమైంది నా వల్లే.

కొల్లేరులో జరిగింది కూడా ఇంతకన్నా వేరు కాదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడతాయి. సముద్రానికి పోవడానికి ఉప్పుటేరే దారి. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఏ గట్టుకాగట్టు చూస్తే, ఎవరి చెరువు వాళ్ళు కాపాడుకున్నట్టే ఉంటుంది. అన్నీ కలిస్తే మాత్రం వరద నిలిచే చోటు తగ్గిపోయి, నీళ్ళు లంక గ్రామాల మీదకి ఎగదన్నుతాయి. ఎత్తయిన నా అరుగు మీద కూచుని ఆ గట్లు వేసినవాళ్ళని నేనూ తిట్టాను.

అలాగని మెరక వెయ్యొద్దా? పిల్లల్ని బురదలో పెంచమనడం నీతి కాదు. పొడిగా ఉండాలనుకోవడంలో తప్పేం లేదు. నా పొడిదనం కోసం ఎవరు తడుస్తున్నారో చూడకపోవడమే తప్పు. అందరూ చేస్తున్నదేగా అంటే, తప్పు పదిమందిలో పంచుకోవచ్చు గానీ నీళ్ళు మాత్రం ఒక్కరి వంటింట్లోనే నిలుస్తాయి. నీళ్ళని పక్కకి తోసినవాడే వాటికి దారి కూడా చూపించాలి. అది దయ కాదు, బాకీ.

ఈ వేసవిలో మా స్థలంలోంచే అడుగున్నర వెడల్పున కాలవ తీయించి, వీధి డ్రైనులో కలిపాను. "గజం ఎంత పలుకుతోందో తెలుసా బావా?" అన్నాడు బావమరిది. తెలుసు. తొలకరికి మామ్మగారి వంటిల్లు పొడిగానే ఉంది.

ఆ డ్రైను చివర, పల్లంలో, ఎవరిల్లుందో ఇంకా వెళ్ళి చూడలేదు.