కోరేటప్పుడు 11, తీరాక 108

రెండు నెలలుగా మా ఇంట్లో ఒకటే పోరు. ఏడో తరగతి చదివే మా అబ్బాయికి కుక్క కావాలి. అదీ బెల్జియన్ మాలినోయిసే కావాలి. పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ మా మొయినాబాద్‌లోనే ఉంది. అక్కడి పాసింగ్ అవుట్ పరేడ్‌ను టీవీలో చూసినప్పటి నుంచి వాడికి వేరే ధ్యాస లేదు.

నేను చేవెళ్ల సర్కారు బడిలో తెలుగు చెబుతాను. కుక్కలంటే నాకూ ప్రాణమే. అయినా వాడికి సరే అనలేకపోయాను. ఖర్చుకు వెనకాడి కాదు. పని కోసమే పుట్టిన ప్రాణిని పని లేని ఇంటికి తెచ్చి కట్టేయడం ధర్మమేనా అన్నది తేలక.

గీతలోని స్వధర్మం గురించి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఎప్పుడూ మనుషుల సంగతిగానే చెప్పాను. ఈ జాతి గురించి చదువుతుంటే అది కుక్కకూ వర్తిస్తుందనిపించింది. బెల్జియంలోని మాలిన్ పట్టణం పేరే దీనికి పెట్టారు. గొర్రెల మందలు కాయడానికి అక్కడి కాపరులు తరతరాలుగా ఏరి ఏరి పెంచారు. 2011లో బిన్ లాడెన్ ఇంటి మీదికి అమెరికా సైనికులతో పాటు వెళ్లిన కైరో ఈ జాతిదే. మన సీఆర్‌పీఎఫ్ కూడా వీటిని వాడుతోంది. అంటే దీని స్వధర్మం దేవుడిచ్చింది మాత్రమే కాదు, సగం మనిషే రాశాడు. పరుగెత్తాలనే ఆరాటాన్ని, మనిషి నోటి నుంచి పని కోసం ఎదురుచూడటాన్ని దాని నెత్తురులోకి ఎక్కించింది మనమే. అంత చేసి గేటు వెనక ఊరికే కూర్చోబెట్టడం దాహం పుట్టించి నీళ్లు దాచేయడమే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, పోలీసు జాగిలాలతో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని అడిగాను. "తెచ్చుడు అలకనే టీచరమ్మా. రోజూ దానికేం పని జెప్తవు?" అన్నాడు. పొద్దున పరుగు ఉండాలట, వాసన పట్టే ఆట ఉండాలట, మాట వినే సాధన ఉండాలట, సాయంత్రం మళ్లీ మొదటి నుంచి. అవేవీ లేకపోతే అదే ఏదో పని వెతుక్కుంటుందట. తలుపులు కొరుకుతుంది, ఉరికే పిల్లల మడమలు పట్టబోతుంది. "దాని తప్పు గాదమ్మా, అది మంద కాస్తున్నాననుకుంటది" అన్నాడు. మాది రెండు వందల గజాల ఇల్లు. మా ఆయన పట్నం నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు.

బడికి వెళ్లే దారిలో రోజూ రెండు రకాల కుక్కలను చూస్తాను. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద కురుమలు గొర్రెలను తోలుకుపోతుంటే వెనకాలే ఒక ఊరకుక్క నడుస్తుంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, కానీ దాని చెవులు, చూపు మంద మీదే ఉంటాయి. అది బతుకుతున్న తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఒక ఫాంహౌస్. యజమాని ఆదివారం వస్తాడు. లోపల ఖరీదైన కుక్క, దాని ముందు నిండు గిన్నె. గొలుసు పొడవున తిరిగి తిరిగి చుట్టూ గడ్డి చచ్చి నేల గుండ్రంగా నున్నబడింది. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

భారతాన్ని ఈ కళ్లతో మళ్లీ తిరగేశాను. కథ మొదట్లోనే ఒక కుక్క ఉంది. ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారని సరమ వచ్చి జనమేజయుణ్ణి నిలదీస్తుంది. చివర మహాప్రస్థానంలో ఇంకో కుక్క. దాన్ని వదిలేస్తేనే స్వర్గమంటే ధర్మరాజు ఆ స్వర్గమే వద్దంటాడు. ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది. అయితే ధర్మరాజు ఆ కుక్కను తెచ్చుకోలేదు, అదే వెంట వచ్చింది. అలా వచ్చినదాన్నే వదలకూడదంటే, కావాలని తెచ్చుకున్నదాని మాటేమిటి? మాలినోయిస్ పన్నెండేళ్లకు పైగానే బతుకుతుంది. అప్పటికి మా వాడు ఏ ఊళ్లో చదువుతుంటాడో, ఏ దేశంలో ఉంటాడో! దాని ముసలితనంలో పక్కన ఉండాల్సింది నేను.

ఒక శుక్రవారం వాణ్ణి చిలుకూరు తీసుకెళ్లాను. హుండీ లేని గుడి అది. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఆ రెండు అంకెల తేడా గురించి ఇన్నేళ్లలో నేను ఇంతగా ఆలోచించలేదు. వాడు 11 చేస్తుంటే నేను ఒక పక్కన నిలబడి, చేతిలో కార్డుతో, పెదాలతో లెక్కపెట్టుకుంటూ 108 తిరుగుతున్న వాళ్లనే చూస్తూ ఉన్నాను. కొందరి కాళ్లు తడబడుతున్నాయి. ఒక్కరూ ఆగడం లేదు.

ఇంటికొచ్చాక వాడికొక మాట చెప్పాను. "బిడ్డా, మండలం రోజులు పొద్దున ఐదింటికి లేచి, కుక్క ఉందనుకొని తాడు పట్టుకుని నడువు. సాయంత్రం ఇంకోసారి. నలభై రోజులయ్యాక మాట్లాడుకుందాం." వద్దనే నా మనసు చెబుతోంది, దాచను. కానీ వాడి కోరికలో నిజమెంతో చూడకుండా తోసేయడం కూడా నాకు న్యాయంగా తోచలేదు.

ఇవాళ పదిహేడో రోజు. వాన పడిన ఒక పొద్దున వాడు లేవలేదు. ఆ రోజు కుక్క గేటు దగ్గర ఎంతసేపు నిలబడి ఉండేదో నేనేమీ అనకుండానే వాడు సాయంత్రం తలచుకుని ఏడ్చాడు. నిన్న వాడికి జ్వరం. పిల్లాడికి జ్వరమొస్తే కుక్కకు తెల్లవారకుండా ఉండదు కదా. తాడు పట్టుకుని నేనే వెళ్లాను. పాలు పోసే ఆమె ఎదురై నా చేతి వైపు చూసి, "టీచరమ్మా, కుక్కేది?" అంది.