మట్టిలో పుట్టిన మాట

చదవవలసిన భాగం: యోహాను 13:1–15

నాట్ల రోజుల్లో బీర్కూర్ పొలాల పక్కన పొద్దున్నే నిలబడితే ముఖాలు కనిపించవు, వంగిన వీపులే కనిపిస్తాయి. కొంగు నడుముకు బిగించి, ఎడమ చేత నారు కట్ట పట్టుకొని, కుడి చేత్తో రెండు మూడు మొక్కలు బురదలో గుచ్చుతూ ఆడవాళ్ళు వెనక్కి నడుస్తుంటారు. ముందుకు నడిస్తే నాటిన నారు కాళ్ళ కిందే పడుతుంది మరి.

వాళ్ళను చూసినప్పుడల్లా నాకు ‘హంబుల్’ అన్న ఇంగ్లిష్ మాట గుర్తొస్తుంది. ఎవరైనా పేరు తెచ్చుకొని కూడా ఒదిగి ఉంటే మనం ఇప్పుడు ఆ మాటే వాడుతున్నాం. లాటిన్‌లో ‘హుముస్’ అంటే నేల, మట్టి. దాన్నుంచి ‘హుమిలిస్’ వచ్చింది. అదే పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు చేరింది. అయితే రోమ్‌లో అది పొగడ్త కాదు. తక్కువ పుట్టుకవాడని, నేలబారు మనిషని తీసిపారేయడానికి వాడేవారు. మన ‘దీనుడు’ కూడా వాడుకలో జాలిపడదగినవాడే కదా! అలాంటి మాటనే మత్తయి 11:29లో యేసు తన మనసుకు పెట్టుకున్నాడు. చులకన చేసే మాట ఆయన బతుకును తాకి గౌరవమైన మాటయింది. నాకు తెలిసినంతలో మాటల చరిత్రలో ఇంతకన్నా అందమైన మలుపు లేదు.

మట్టితో ఈ ముడి హీబ్రూలోనూ ఉంది. అక్కడ నేల ‘అదామా’, మనిషి ‘ఆదాము’. ఆదికాండము 2:7 ఆ రెండింటినీ ఒక్కచోట కలిపింది.

యోహాను 13లోని ఆ రాత్రి యేసు భోజనం దగ్గర నుంచి లేచి, తువాలు నడుముకు కట్టుకొని, శిష్యుల పాదాలు కడిగాడు. తనను అప్పగించబోయే యూదా పాదాలు కూడా కడిగాడు. దానికి ముందున్న మూడో వచనం దగ్గర కాసేపు ఆగండి. తండ్రి సమస్తాన్నీ తన చేతికిచ్చాడని, తాను దేవుని దగ్గర నుంచే వచ్చానని తెలిసే ఆయన వంగాడు. తాను ఏమీ కానని అనుకొని కాదు. నాటేసే తల్లి కూడా పనికిరానిదాన్నని వంగదు. మొక్క ఎంత లోతున నిలుస్తుందో ఆమె వేళ్ళకు తెలుసు. నిటారుగా నిలబడితే ఆ పని జరగదు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు ఇన్నేళ్ళుగా ఈ సీమ వరిని పండిస్తున్నాయి. ఆ నీళ్ళు కూడా మడిలో మిట్టను వదిలి పల్లానికే పోతాయి. అందుకే నాటు వేసే ముందు రైతు మడినంతా చదును చేస్తాడు. నా మనసులోనూ నీరెక్కని మిట్టలున్నాయి. అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ప్రార్థన: ప్రభువా, ఈ సాయంత్రం కాళ్ళ బురద కడుక్కొని, నడుము నొప్పితో ఇల్లు చేరే ప్రతి తల్లికీ విశ్రాంతినివ్వు. వాళ్ళను నిలబెట్టి నేను కుర్చీలో కూర్చొని మాట్లాడిన రోజులను క్షమించు. ఆమేన్.